ముల్లు

ఫిషింగ్ హార్బర్ నుంచి పదిహేను మైళ్ళు పోతే
నీళ్ళు ఆకుపచ్చ వదిలి నీలం పట్టే చోట
నాకొక చుక్క ఉంది. మ్యాపులో దాని పేరు వి-ఏడు.
అర్జిల్లి పైడన్న దాన్ని "అమ్మగోరి పొలం" అనేవాడు.

పక్షానికోసారి పొలానికి పోవడం,
పంటని సీసాల్లో నింపుకు రావడం.
పైనీరు, పది మీటర్లు, ముప్ఫై, వంద.
"ఏటమ్మగోరూ, ఇంత దూరమొచ్చి ఉత్త నీల్లట్టుకెల్తారు,
ఓ కోనాం పడితే కూరకైనా వచ్చును గదా."

ఆ ఉత్త నీళ్ళని ల్యాబులో వడకడితే
కాగితం మీద రూపాయి బిళ్ళంత ఆకుపచ్చ మరక.
గాజు పెట్టెల్లో కాపురముండే డయాటమ్‌లు.
ఎండ తాగి, నీట కలిసిన మన పొగని తిని
నాలుగు రోజులు బతుకుతాయి.

వాటి చావు నా చదువు.
చచ్చినవి కిందికి రాలడాన్ని
పుస్తకాలు సముద్రపు మంచు అంటాయి.
మంచు ఎరగని ఊరిదాన్ని నేను.
వన్‌టౌన్‌లో అమ్మ ఆరేసిన చీరల మీద
రాత్రంతా పోర్టు బొగ్గుపొడి రాలేది చూడండి,
చప్పుడు లేకుండా,
అలాగని రాసుకున్నాను నా మొదటి నోటుబుక్కులో.

వందలో తొంభైతొమ్మిది దారిలోనే ఎవరో తినేస్తారు.
ఒక్కటి అడుగుకి చేరుతుంది.
దానికి కూడా ఒట్టి చావు బరువు చాలదు,
వరదల్లో వచ్చిన గోదారి మట్టి
ఒంటికి అంటుకుంటేనే మునుగుతుంది.
ఆ ఒక్కదాని కోసం ముప్ఫైయొక్క ఏళ్ళు.
పెళ్ళి అడిగినవాళ్ళకి ఈ లెక్క చెప్పాను,
మళ్ళీ అడగలేదు.

హుద్‌హుద్ వచ్చినప్పుడు
కైలాసగిరి చెట్లన్నీ ఒకే వైపుకి పడుకున్నాయి.
మూడో రోజుకి జెనరేటర్‌లో డీజిల్ అయిపోయింది.
ఆరో రోజు ఫ్రీజర్ తెరిస్తే
తొమ్మిదేళ్ళ ఆకుపచ్చ మరకలు
గోధుమరంగు జావ.
నేను పట్టి దాచిన కార్బన్
నా గదిలోనే గాలయిపోయింది.
ముక్కు మూసుకోకుండా కాసేపు నిలబడ్డాను.

ఇక దొరికినవి కాగితపు చుట్టలు.
పడవ మీద గాలిని కొలిచే యంత్రానికి
ఓ సూది ఉండేది, గీత గీసుకుంటూ పోయేది.
తొంభైయేడు డిసెంబరు, తెల్లవారుజామున అయిదూ నలభై:
మూడువందల అరవై దగ్గర నడుస్తున్న గీత
ఒక్కసారి ఆరువందలకి ఎగిరి, దిగింది.
పక్కన నా చేతిరాత: పైడన్న బీడీ.

ఆవేళ తిట్టాను కూడా.
"ముల్లులా లేచింది సూడండి," అని అతను
కాగితం మీద వేలు పెట్టి
చేపని ఎక్కడ కొరకాలో తెలిసినవాడిలా నవ్వాడు.
పోయి పదకొండేళ్ళు. ఫొటో ఒక్కటీ లేదు నా దగ్గర.

రిటైర్‌మెంటుకి ముందు చుట్టలన్నీ కంప్యూటర్‌కి ఎక్కిస్తూ
తన్మయి అడిగింది,
"మేడమ్, ఇదొకటి తప్పు లెక్కలా ఉంది, తీసేద్దామా?"
తీసెయ్యమన్నాను.
సముద్రం అనని మాట
సముద్రం అన్నట్టు రాయకూడదు.

రాత్రి నిద్ర పట్టక
విద్యుత్ బిల్లు వెనక వేరే లెక్క వేశాను.
ఒక బీడీ. అందులో చిటికెడు బొగ్గు.
సగం ఇంకా గాలిలోనే ఉండుంటుంది.
ఓ పావు చెట్లకి.
మిగిలిన పావు నీళ్ళు తీసుకుని ఉంటే,
అందులో వందో వంతుకి
ఏ ఏడో గోదారి మట్టి అంటుకుని ఉంటే...
నా తక్కెడ అంత కిందికి తూచదు.

రేపు తన్మయి వి-ఏడుకి వెళ్తోంది.
పడవ పైడన్న కొడుకుది కాదు,
అతను గంగవరంలో క్రేన్ నడుపుతున్నాడు.
కొత్త సరంగు జేబులో బీడీ కట్ట కనబడింది.
యంత్రానికి దూరంగా, గాలికి దిగువన
కూర్చోమని చెప్పాను.
మరీ గట్టిగా చెప్పలేదు.